ఏ బుక్కుకి ఆ బుక్కా, అన్నీ కలిపి ఒకటే కథనా: సూపర్‌హీరో కామిక్స్‌ల ఈ లొల్లి ఎట్ల మొదలైంది

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ దిక్కు కాలేజీ పిల్లలల్ల మార్వెల్ సినిమాలు తెలుగు డబ్బింగ్‌ల చూసీ చూసీ, ఇగ కామిక్స్ కూడా చదువుదామని ఫోన్ల దిగేటోళ్ళు బాగనే ఉన్నరు. దిగినంక అందరు అడిగేది ఒక్కటే, అన్నా ఎక్కడికెల్లి మొదలువెట్టాలె అని. ఎందుకంటే స్పైడర్‌మ్యాన్ బుక్కు తెరిస్తే సగం సంగతి అప్పటికే వేరే బుక్కుల అయిపోయి ఉంటది, ఆ బుక్కు తెరిస్తే అది ఇంకేదో పెద్ద ఈవెంట్‌ల, అంటే చాన బుక్కులల్ల కలిపి నడిచే కథల, మూడో ముక్క. ఇండ్ల రెండు వర్గాలున్నయి. ఏ బుక్కు ఆ బుక్కుగానే నిలబడాలె, పైసలు పెట్టి ఒకటి కొన్నోనికి ఒక పూర్తి కథ దొరకాలె అనేటోళ్ళు ఒక దిక్కు. అందరు హీరోలు ఒకే లోకంల ఉంటెనే మజా, లేకుంటే ఈ బుక్కులకు వేరేవాటికి తేడా ఏముంది అనేటోళ్ళు ఇంకో దిక్కు.

ఇద్దరు దీన్ని టేస్ట్ సంగతి లెక్క కొట్లాడుతరు. నాకైతే ఇది మొదట్నుంచి బుక్కు చదివేటోని చేతికి ఎట్ల చేరింది అనే సంగతి అనిపిస్తది. పోయిన ఎనభై తొంభై ఏండ్ల చరిత్ర చూస్తే, అమ్మే తీరు మారినప్పుడల్లా కథ చెప్పే తీరు మారింది.

1938ల యాక్షన్ కామిక్స్ మొదటి ఇష్యూల సూపర్‌మ్యాన్ వచ్చిండు, తెల్లారి ఏడాది డిటెక్టివ్ కామిక్స్ 27ల బ్యాట్‌మ్యాన్. అప్పుడు ఈ బుక్కులు పది సెంట్లకు అమెరికాల పేపర్లు అమ్మే స్టాండ్లల్ల, మందుల షాపులల్ల దొరికేవి. ఈ నెల వచ్చిన బుక్కు వచ్చే నెల అదే షాపుల ఉంటదనే గ్యారంటీ లేదు, అమ్ముడుపోనివి వాపస్ పోయేవి, పాత ఇష్యూ కావాలంటే దొరికే జాగనే లేదు. అసుంటప్పుడు కథ మధ్యల ఆపి మిగతాది ఇంకో బుక్కుల చూడు అంటే ఎవడు చూస్తడు, ఎట్ల చూస్తడు? అందుకే కథ యాడ మొదలైందో ఆఖరికి అక్కడికే వచ్చేది, క్లార్క్ కెంటే సూపర్‌మ్యానేమో అని తోటి రిపోర్టర్ లోయిస్ లేన్‌కి డౌట్ వచ్చేది, డౌట్ తీరేది, మళ్ళా మొదటికే. సూపర్‌మ్యాన్ బుక్కులను చాన ఏండ్లు నడిపిన ఎడిటర్ మోర్ట్ వైసింగర్ చదివే పిల్లలు కొన్నేండ్లకోసారి మారిపోతరు అనే లెక్కతోనే పని చేసిండు. హీరోకి పెండ్లి చేయాలన్నా, చంపాలన్నా అది ఊహ కథ అని మీదనే రాసి చెప్పేటోళ్ళు, అసలు కథ మీద మచ్చ పడకుండా.

గట్లని అప్పట్ల హీరోలు అస్సలు కలవలేదని కాదు. 1940ల మార్వెల్ మిస్టరీ కామిక్స్‌ల హ్యూమన్ టార్చ్, సబ్‌మెరైనర్ కొట్లాడుకున్నరు, ఒకడు నిప్పు ఒకడు నీళ్ళు. ఇద్దరి కథలు అదే బుక్కుల పక్కపక్కనే వచ్చేవి కాబట్టి కొనేటోనికి కొత్త ఖర్చు లేదు. అదే ఏడాది చివర ఆల్ స్టార్ కామిక్స్ 3ల జస్టిస్ సొసైటీ వచ్చింది, హీరోలందరు ఒక టేబుల్ చుట్టు కూసున్నరు, అయితే కూసొని ఎవరి కథ వాళ్ళు చెప్పుకున్నరు, అంతే. ఇంకో ముచ్చట జర గుర్తువెట్టుకోవాలె: వరల్డ్స్ ఫైనెస్ట్ బుక్కు అట్ట మీద సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ 1941 నుంచే భుజం భుజం కలిపి నవ్వుకుంట కనబడేటోళ్ళు, లోపల మాత్రం ఎవరి కథ వాళ్ళదే. ఒకరి అసలు రూపం ఒకరికి తెలిసింది 1952ల, సూపర్‌మ్యాన్ 76వ ఇష్యూల, ఓడల ఒకే రూము పంచుకోవాల్సి వస్తే. వరల్డ్స్ ఫైనెస్ట్‌ల ఇద్దరిని ఒకే కథల పెట్టింది 1954ల, అది కూడా బుక్కుల పేజీలు తగ్గిస్తే రెండు వేరే వేరే కథలకు జాగ లేక.

కలిపి అల్లడం ఒక పద్ధతిగా మొదలైంది 1960లల్ల మార్వెల్‌తోని. ఇక్కడ కూడా అమ్మకం సంగతే ముందుకొస్తది. మార్వెల్ బుక్కులను షాపులకు పంపేది ఇండిపెండెంట్ న్యూస్ అనే కంపెనీ, అది సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ బుక్కులేసే పోటీ కంపెనీ డీసీ ఓనర్లదే, నెలకి ఎనిమిది టైటిళ్ళకు మించి పంపం అని కట్టడి పెట్టింది. దాంతోటి కథలు రాసే ఎడిటర్ స్టాన్ లీ అనే ఒక్క మనిషి చేతుల, జాక్ కిర్బీ, స్టీవ్ డిట్కో అసుంటి కొద్దిమంది ఆర్టిస్టులతోని మొత్తం లైను నడిచింది, ఏ బుక్కుల ఏమైందో ఒక్క తలకాయల పట్టేది. 1961ల ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురు హీరోల టీం బుక్కు వచ్చింది, 1963ల అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ మొదటి ఇష్యూలనే పీటర్ పార్కర్ జీతం దొరుకుతదేమో అని ఫెంటాస్టిక్ ఫోర్ ఇంటికి పోయిండు, అక్కడ జీతాలు ఉండయి అంటే తిరిగొచ్చిండు. ఎంత సక్కగుంది చూడున్రి, ఫెంటాస్టిక్ ఫోర్ బుక్కు చదవనోనికి కూడా పిల్లగాని పేదరికం అర్థమైతది, చదివినోనికి ఇంకో నవ్వు ఎక్కువ దొరుకుతది. 1965ల ఫెంటాస్టిక్ ఫోర్ టీంల ఉన్న రీడ్, సూల పెండ్లికి మార్వెల్ హీరోలు విలన్లు అందరు వచ్చిన్రు, ఆఖరి బొమ్మల స్టాన్ లీ, కిర్బీలను మాత్రం పిలుపు లేదని తలుపు కాడ్నే ఆపేసిన్రు.

బొమ్మ కింద చిన్న డబ్బా ఒకటి వచ్చేది, ఈ సంగతి ఫలానా బుక్కు ఫలానా నంబర్ల చూడు అని ఎడిటర్ మాట. ఆ డబ్బానే ఈ లొల్లి మొత్తానికి విత్తనం. 1968ల ఆ కట్టడి పోంగనే ఒకే బుక్కు సగం సగం పంచుకున్న కెప్టెన్ అమెరికా, ఐరన్ మ్యాన్‌లకు వేరే వేరే బుక్కులొచ్చినయి, టైటిళ్ళు పెరిగినయి, డబ్బాలు కూడా పెరిగినయి.

మన దిక్కు ఊర్లల్ల రాత్రంతా గయోపాఖ్యానం ఆడితే కృష్ణునికి అర్జునునికే యుద్ధం పెట్టేస్తరు గదా, వ్యాస భారతంల లేని కథ అది, ఇద్దరు హీరోలను తగాదాల పెట్టాలని తర్వాతోళ్ళు అల్లింది. అది చూసేటోడు భారతం పద్దెనిమిది పర్వాలు చదివి రాడు, ఎవరెవరో తెలిస్తే చాలు, తెల్లారేసరికి కథ మొదలై అయిపోతది. 1960ల మార్వెల్ చాన వరకు గిట్లనే నడిచింది, నాకు ఇష్టమైన కలయిక అదే.

డీసీ తోవ వేరు. 1961ల ఫ్లాష్ 123వ ఇష్యూల కొత్త ఫ్లాష్ బ్యారీ అలెన్, తను చిన్నప్పుడు కామిక్స్‌ల చదివిన పాత ఫ్లాష్ జే గారిక్‌ను నిజంగనే కలుస్తడు, ఎందుకంటే ఆయన ఇంకో భూమి మీద ఉన్నడు. పాత కథలు ఒక భూమి, కొత్తయి ఒక భూమి అని మస్తు తెలివిగ సర్దిన్రు. 1963 నుంచి కొత్త భూమి టీం జస్టిస్ లీగ్, పాత భూమి టీం జస్టిస్ సొసైటీ ఏడాదికోసారి కలిసేటోళ్ళు. అయితే భూములు పెరుగుకుంట పోయినయి.

అసలు మలుపు 1970లల్ల వచ్చింది, కామిక్స్ కోసమే ప్రత్యేకంగ షాపులు పుట్టినయి. ఫిల్ సూలింగ్ అనేటాయన కంపెనీల కాడ్నుంచి సీదా షాపులకు తెచ్చే పద్ధతి మొదలువెట్టిండు, డిస్కౌంట్ ఎక్కువ, వాపస్ లేదు. షాపుల పాత ఇష్యూలు కూడా ఉంటయి, కొనేటోడు నెలనెల వస్తడు, వాని పేరు మీద బుక్కులు పక్కకు పెడతరు. 1981ల మార్వెల్ డాజ్లర్ బుక్కు మొదటి ఇష్యూ అచ్చం ఈ షాపులకే పంపితే నాలుగు లక్షల కాపీలకు పైగా పోయింది. ఇగ కంపెనీకి ధైర్యం వచ్చింది, మిగతా కథ వేరే బుక్కుల చూడు అంటే చూసేటోడు ఉన్నడు.

1984ల మార్వెల్ హీరోలందరిని కలిపిన సీక్రెట్ వార్స్ గిట్లనే వచ్చింది, మాటెల్ కంపెనీ పిల్లల ఆటబొమ్మలు అమ్మనీకి కథ కావాలన్నది, ఎడిటర్ జిమ్ షూటర్ పన్నెండు ఇష్యూలు రాసిండు. ఇండ్ల ఒక్క ముచ్చట చెప్తె చాలు. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 252ల స్పైడర్‌మ్యాన్ నల్ల డ్రెస్ ఏసుకొని వస్తడు, అది యాడిదో ఆ బుక్కుల ఉండదు. ఎట్ల దొరికిందో సీక్రెట్ వార్స్ ఎనిమిదో ఇష్యూల ఉంటది, అది వచ్చింది కొన్ని నెలల తర్వాత. అంటే స్పైడర్‌మ్యాన్ బుక్కు ఒక్కటే కొనుక్కునేటోనికి తన హీరో బట్టలెందుకు మారినయో కూడా తెల్వది. కలయిక అప్పటిదాకా ఒక కొసరు, అక్కడికెల్లి టికెట్ అయింది.

తర్వాత ఏడాది డీసీ క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్ తెచ్చింది, మార్వ్ వుల్ఫ్‌మన్ రాసిండు, జార్జ్ పెరెజ్ బొమ్మలు, 1985-86ల పన్నెండు ఇష్యూలు. భూములన్నీ కలిపి ఒకటి చేస్తం, కొత్తోళ్ళకు తేలికైతది అన్నరు. సూపర్‌గర్ల్ పోయింది, బ్యారీ అలెన్ పోయిండు. పెద్ద పని, అందమైన పని, నేను కాదనను. కానీ తేలిక అయిందా అంటే వండర్ గర్ల్ అని పేరున్న డోనా ట్రాయ్‌ని చూడాలె.

వండర్ గర్ల్ అంటే మొదట్ల వండర్ వుమన్ చిన్నప్పటి రూపమే, వేరే మనిషి కాదు. 1965ల టీన్ టైటన్స్ కోసం పిల్ల హీరోలను ఒక్క జాగకు తెచ్చినప్పుడు ఆమెను వేరే పిల్ల అనుకొని టీంల పెట్టేసిన్రు. అట్ల పెట్టినంక ఈ పిల్ల ఎవరు అనేది రాయాల్సి వచ్చింది, 1969ల వుల్ఫ్‌మనే డోనా ట్రాయ్ అని పేరు, ఒక పుట్టుక కథ ఇచ్చిండు, మంటల్లకెల్లి వండర్ వుమన్ కాపాడిన పాప అని. ఇంత అయినంక, క్రైసిస్ తర్వాత 1987ల వండర్ వుమన్‌ను మొదట్నుంచి మళ్ళా రాసిన్రు, ఇప్పుడే మన లోకానికి వచ్చింది అని. మరి ఆమె రానే రాకుంటే అంతకుముందే డోనా వండర్ గర్ల్ ఎట్ల అయింది, కాపాడింది ఎవరు? 1988ల ఇంకో పుట్టుక కథ, 1990లల్ల మళ్ళా ఒకటి. చదివేటోళ్ళు ప్రాణంగ చూసుకునే ఒక పాత్ర, టైటన్స్ బుక్కుల ఏ తప్పు లేకుండా నడుస్తున్న పాత్ర, పక్క బుక్కుల తీసుకున్న నిర్ణయానికి ఇన్నిసార్లు ముక్కలైంది. అన్నీ ఒక్కటే లోకం అన్నప్పుడు కట్టాల్సిన బాకీ గిట్లుంటది.

1990లల్ల ఇది తారాస్థాయికి పోయింది. సూపర్‌మ్యాన్‌వి నాలుగు టైటిళ్ళు, 1991 నుంచి అట్ట మీద చిన్న త్రికోణంల నంబర్ ఏసి ఏ వారం ఏది చదవాలెనో చెప్పేటోళ్ళు, అంటే పేరుకు నాలుగు, నిజానికి ఒక వారపత్రిక. అది మంచిగనే నడిచింది, ఎందుకంటే రాసేటోళ్ళంతా ఒక్క జాగల కూసొని మాట్లాడుకునేటోళ్ళు. 1992ల సూపర్‌మ్యాన్ చావు కథల చూడున్రి, ఒక బుక్కుల పేజీకి నాలుగు బొమ్మలు, తర్వాత దాంట్ల మూడు, తర్వాత రెండు, ఆఖరికి సూపర్‌మ్యాన్ 75ల పేజీకి ఒకటే. నాలుగు బుక్కులు కలిస్తేనే అయ్యే పని అది, విడిగ చేయలేరు. అదే టైంల స్పైడర్‌మ్యాన్ క్లోన్ కథ, అంటే అచ్చం పీటర్ లెక్కనే తయారు చేసిన ఇంకో మనిషి కథ, కొన్ని నెలలు అనుకున్నది, అమ్ముడైతుందని 1994 నుంచి 96 దాకా సాగదీసిన్రు, అసలు పీటర్ ఎవరో నమ్మలేని కాడికి వచ్చింది.

విడిగ నిలబడ్డ బుక్కులు కూడా ఈ కాలంలనే గట్టిగొచ్చినయి, అది మర్చిపోవద్దు. 1986ల వాచ్‌మెన్, డార్క్ నైట్ రిటర్న్స్. 1989ల మొదలైన శాండ్‌మ్యాన్‌ల మొదట్ల జస్టిస్ లీగ్ వాళ్ళు తొంగిచూసిపోతరు, తర్వాత తన లోకం తనదే. కథ మొత్తం ఒక పుస్తకంగ కుట్టి అమ్మేది పెరిగింది కూడా ఈ అసుంటి వాటితోనే.

మన దిక్కు సంగతి ఏందంటే, ఆ కామిక్స్ షాపులు నల్లగొండకు రాలే, పాలమూరుకు రాలే. గోథం కామిక్స్ అనే కంపెనీ వాళ్ళు మన దేశంల తక్కువ ధరకు అచ్చేసినయి కొన్ని, ఇగ హైదరాబాద్ పోయినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కుప్పలల్ల దొరికే విడి ఇష్యూలు. అట్ట చినిగి, కథల మధ్య ముక్క చేతికొస్తది, కింద డబ్బాల ఫలానా నంబర్ చూడు అని ఉంటది, యాడ చూడాలె? 1940ల అమెరికా పిల్లగాడు ఎట్లున్నడో మనం చాన ఏండ్లు అట్లనే ఉన్నం. అందుకే ఒక్క ఇష్యూల, ఇరవై రెండు పేజీలల్ల ముగిసే కథ మీద మనోళ్ళకు అంత పావురం.

2000ల మార్వెల్ ఇదంతా విడిచిపెట్టి అల్టిమేట్ అని కొత్త లైను తెచ్చింది, కొత్తోళ్ళ కోసం సున్నా నుంచి. అది కూడా పెరిగి, 2008ల అల్టిమేటం అనే ఈవెంట్‌తోటి చాన పాత్రలను చంపుకొని, 2015ల ముగిసింది. 2006ల వచ్చిన మార్వెల్ సివిల్ వార్ కథ నుంచి ఈవెంట్ అనేది దాదాపు ఏటా వచ్చే పండుగ అయింది. 2011ల డీసీ 52 బుక్కులను ఒకే నెలల ఒకటో నంబర్ నుంచి మొదలువెట్టింది. మధ్య మధ్యల 2012 హాక్‌ఐ, 2018 ఇమ్మోర్టల్ హల్క్ అసుంటివి తమ మూలకు తాము పని చేసుకున్నయి, చుట్టు లోకం ఉన్నదని తెలుస్తది, తెల్వకున్నా కథ ఆగది.

ఇప్పుడు మార్వెల్ అన్‌లిమిటెడ్ అసుంటి యాప్‌ల పాత ఇష్యూలు వేలల్ల ఫోన్ల ఉన్నయి, దేవరకొండల కూసున్నా న్యూయార్క్‌ల కూసున్నా ఒకటే. డబ్బాల రాసిన నంబర్ ఒక్క నొక్కుడుతోని దొరుకుతది. దొరకకపోవుడు అనే బాధ పోయింది, ఇప్పుడు కరువున్నది టైంకే. 2024ల మార్వెల్ కొత్త అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్, డీసీ అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్ రెండు పాత కథలతోని సంబంధం లేకుండా మొదలైనయి, రెండిటికి జనం ఎగబడ్డరు. అబ్సల్యూట్ వండర్ వుమన్, అబ్సల్యూట్ సూపర్‌మ్యాన్ కూడా అదే ఏడాది వచ్చినయి, ఒకే లైను అయినా ఏ బుక్కుకి ఆ బుక్కే అన్నట్టు తెరిచిన్రు.