కిండర్‌గార్టెన్‌లో ఆటల పీరియడ్: అపోహలు - వాస్తవాలు

నాలుగైదేళ్ల పిల్లలకు వ్యాయామం, ఆరోగ్యం నేర్పడం నా పని అని చెబితే చాలామంది నవ్వేస్తారు. "అందులో నేర్పడానికి ఏముంది? వదిలేస్తే వాళ్లే పరిగెడతారుగా!" అంటారు. తల్లిదండ్రులే కాదు, తోటి టీచర్లూ ఆ మాటే అంటారు. ఇలా తరచూ వినపడే మాటల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: గెంతడం, విసరడం, పట్టుకోవడం వయసుతోపాటు వాటంతటవే వస్తాయి.

నడక, పరుగు వస్తాయి. ఒంటికాలి మీద గెంతడం, గురిచూసి విసరడం, వచ్చే బంతిని పట్టుకోవడం లాంటివి మాత్రం ఎవరైనా చూపించి, పదేపదే చేయించి, సరిదిద్దితేనే చక్కగా కుదురుతాయి. ఆ అవకాశం దొరకని పిల్లలు తర్వాత ఏ ఆటలోకీ ధైర్యంగా దిగరు. "మా వాడికి ఆటలంటే ఇష్టం లేదండీ" అని ఇంట్లోవాళ్లు అనేది చాలాసార్లు ఇలాంటి పిల్లల గురించే.

బంతి పట్టుకోవడమే తీసుకోండి. మనం బంతి వేయగానే పిల్ల ముఖం పక్కకు తిప్పేస్తుంది, కళ్లు మూసుకుంటుంది, రెండు చేతులూ ఛాతీకి హత్తుకుంటుంది. బంతి ఆ చేతులకు తగిలి కింద పడుతుంది. "బంతిని చూడమ్మా" అని ఎంత అరిచినా లాభం లేదు. ముఖానికి తగులుతుందని దాని భయం. అందుకే నేను మొదట బంతి ఇవ్వను. పల్చటి గుడ్డ ముక్క ఇచ్చి పైకి ఎగరేయమంటాను. అది ఊగుతూ మెల్లగా దిగుతుంది కాబట్టి చూసి చెయ్యి చాపడానికి టైం ఉంటుంది, తగిలినా నొప్పి ఉండదు. భయం పోయాక మెత్తటి పెద్ద స్పాంజి బంతిని నేలకు ఒకసారి కొట్టి అందిస్తాను. నేరుగా విసరడం ఆ తర్వాతే. బెలూన్లు కూడా మెల్లగానే దిగుతాయి కానీ, పగిలిన బెలూన్ ముక్క నోట్లోకి వెళ్తే గొంతుకు అడ్డుపడుతుంది. ఈ వయసువాళ్ల దగ్గర వాటి జోలికి పోను.

విసరడంలో చిక్కు వేరు. కుడిచేత్తో విసిరేవాడు కుడికాలే ముందుకు వేస్తాడు, దాంతో ఒంట్లో బలం బంతికి అందదు. "ఎడమకాలు, ఎడమకాలు" అంటే వాడికి ఏది ఎడమో తెలియదు. ఆ బూటు మీద ఒక స్టిక్కర్ అంటించి "స్టిక్కర్ కాలు ముందుకెయ్" అంటే సరిపోతుంది.

అపోహ: ఈ వయసుకి రోజుకు అరగంట ఆట చాలు.

3, 4 ఏళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఏదో ఒక కదలికలో ఉండాలని, అందులో 60 నిమిషాలైనా ఆయాసం వచ్చేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఐదేళ్లు నిండినవారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన వ్యాయామం కావాలని 2020 మార్గదర్శకాల్లో ఉంది. 180 అనగానే టెన్షన్ పడక్కర్లేదు. అదంతా ఒక్కసారే చేయించమని కాదు. మెట్లెక్కడం, బొమ్మలు సర్దడం, పాటకు ఊగడం అన్నీ అందులోకే వస్తాయి.

అసలు చిన్నపిల్లల ఆట తునకలు తునకలుగానే ఉంటుంది. 6 నుంచి 10 ఏళ్లవారిని గమనించి 1995లో ప్రచురించిన ఒక పరిశోధనలో, జోరుగా చేసిన కదలికల్లో సగం 3 సెకన్లలోపే ముగిసిపోయాయి. పరిగెత్తి, ఆగి, కూర్చుని, మళ్లీ పరిగెత్తడం వాళ్ల పద్ధతి. అలాంటివాళ్లను వరసలో నిలబెట్టి గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టమంటే రెండో రౌండుకే సగం మంది నడుస్తుంటారు. దాన్ని బద్ధకం అనకూడదు.

అపోహ: ఓడిపోయినవాళ్లు ఔటవడం ఆటలో సహజమే.

పెద్దల ఆటలో సహజమే. ఇక్కడ మాత్రం అందరికంటే ముందు ఔటయ్యేది అందరికంటే ఎక్కువ సాధన కావలసిన పిల్లే. రెండు నిమిషాలు ఆడి, మిగతా పది నిమిషాలు గోడకు ఆనుకుని కూర్చుంటుంది. కుర్చీలాట నేనూ ఆడిస్తాను. కానీ తీసేసేది కుర్చీని మాత్రమే, పిల్లల్ని కాదు. ఉన్న కుర్చీల్లోనే ఇరుక్కుని, ఒకరి ఒళ్లో ఒకరు సర్దుకుని అందరూ కూర్చోవాలి. చివరి కుర్చీ దగ్గర గోల మామూలుగా ఉండదు.

పొడవాటి లైన్లదీ ఇదే కథ. 20 మందికి ఒకే బంతి ఉంటే 20 నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరి వంతుకు వచ్చేది ఒక్క నిమిషం. తోసుకోవడాలు, గిల్లుకోవడాలు మొదలయ్యేది కూడా ఆ లైన్లోనే. బంతులు తక్కువైతే పాత కాగితాలు ఉండచుట్టి టేపు వేస్తే మనిషికొకటి వస్తుంది.

అపోహ: అల్లరి చేసినవాడికి ఆట మాన్పిస్తే దారికొస్తాడు.

రాడు. కదలక తప్పని పిల్లవాడిని కదలకుండా కూర్చోబెడితే తర్వాతి క్లాసులో ఇంకా ఎక్కువ గొడవ చేస్తాడు. శిక్షగా గానీ, చదువు పూర్తి చేయించడానికి గానీ విరామ సమయాన్ని కోయకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2013లోనే స్పష్టంగా చెప్పింది. గుంజీలు తీయించడం, పరుగెత్తించడం లాంటి శిక్షలు కూడా నాకు నచ్చవు. వ్యాయామమంటే తప్పు చేసినప్పుడు పడేదని నేర్పుతున్నామన్నమాట.

అపోహ: బయటికెందుకు, హాల్లో ఆడించినా ఒకటే.

కండరాలకు ఒకటే కావచ్చు, కళ్లకు కాదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్లో కొందరికి బడి రోజుల్లో 40 నిమిషాల చొప్పున అదనంగా బయట గడిపే క్లాసు పెట్టి మూడేళ్లు చూశారు. ఫలితాలు 2015లో వచ్చాయి. ఆ పిల్లల్లో 30.4 శాతం మందికి హ్రస్వదృష్టి వస్తే, మామూలుగా చదువుకున్నవారిలో 39.5 శాతం మందికి వచ్చింది.

అపోహ: స్వీట్లు తింటే పిల్లలు పిచ్చిగా ఎగురుతారు.

ప్రయోగాల్లో ఇది నిలవలేదు. 1994లో ఒక అధ్యయనంలో అసలు చక్కెర ఇవ్వకుండానే, ఇచ్చామని కొందరు తల్లులకు చెప్పారు. తమ పిల్లలు అతిగా చేస్తున్నారని ఎక్కువగా చెప్పింది ఆ తల్లులే. పళ్లు పాడవుతాయని తగ్గించండి, అది నిజమైన కారణం.

అపోహ: చేతులు కడుక్కోమని రోజూ చెబుతున్నాం కదా, వచ్చేసి ఉంటుంది.

ఒకసారి ఇలా చేసి చూడండి. కళ్లు మూసుకోమని, అరచేతిలో సబ్బుకు బదులు నీళ్లతో పోయే రంగు వేసి, ఎప్పటిలాగే రుద్దుకోమనండి. కళ్లు తెరిచేసరికి అరచేతులు నిండా రంగే, బొటనవేళ్లు, గోళ్ల చివరలు, చేతుల వెనకవైపు మాత్రం ఉత్తగా ఉంటాయి. సబ్బు చేరని చోటు పిల్లలే వేలుపెట్టి చూపిస్తారు. 20 సెకన్లు రుద్దమనే మాట ఆ రోజు నుంచి వింటారు.

అపోహ: ఏడుస్తున్నప్పుడు "గట్టిగా ఊపిరి పీల్చుకో" అంటే సర్దుకుంటారు.

ఏడుపు మధ్యలో కొత్త విద్య ఎవరికీ రాదు. హాయిగా ఉన్న రోజు ఆటలా నేర్పాలి: పడుకుని పొట్ట మీద చిన్న బొమ్మ పెట్టుకుని, అది పైకి లేచేలా, కిందికి దిగేలా ఊపిరి తీయడం. అలవాటయ్యాక ఏడ్చేటప్పుడు పక్కన కూర్చుని "బొమ్మని నిద్రపుచ్చుదామా?" అంటే చాలామంది అందుకుంటారు.

అపోహ: రహస్య అవయవాల పేర్లు ఇంత చిన్నపిల్లలకు చెప్పకూడదు.

తల్లిదండ్రులు బాగా ఇబ్బంది పడేది ఇక్కడే. అసలు పేరు తెలియని పిల్ల నొప్పి ఎక్కడో డాక్టరుకి చెప్పలేదు, ఎవరైనా తప్పుగా తాకితే మనకూ అర్థమయ్యేలా చెప్పలేదు. పైగా అలా చేసేవారిలో ఎక్కువమంది పిల్లలకు తెలిసినవాళ్లే. "తెలియనివాళ్లతో జాగ్రత్త" అన్న ఒక్క పాఠం ఇక్కడ సరిపోదు. ఇంట్లో చెప్పొద్దని ఎవరు అన్నా ఇంట్లో చెప్పాల్సిందేనని, ఒకరు వినకపోతే ఇంకొకరికి చెప్పమని నేర్పుతాం. పాఠం మొదలుపెట్టే వారం ముందే ఏ పదాలు వాడతామో తల్లిదండ్రులకు రాసి పంపుతాను. లేకపోతే ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు అయి పిల్లలే తికమక పడతారు.