బెత్తం పోయాక ఏం వచ్చింది?

విజయవాడలో విద్యార్థుల కొట్లాట అనగానే పెద్దవాళ్లకి ఇప్పటికీ గుర్తొచ్చేవి కాలేజీ గ్రూపులే. 1970లలో ఊళ్లో వర్గపోరు ముదిరింది. యునైటెడ్ ఇండిపెండెంట్స్ ఒకవైపు, యునైటెడ్ స్టూడెంట్స్ ఆర్గనైజేషన్ ఇంకోవైపు, కుర్రాళ్లు రెండుగా చీలిపోయారు. 1988 డిసెంబరు 26న యునైటెడ్ ఇండిపెండెంట్స్‌ని నడిపిన ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా హత్య, ఆ వెంటనే అల్లర్లు, కర్ఫ్యూ. గోడలెత్తుగా ఉన్న హాస్టల్లో పడేస్తే పిల్లాడు క్షేమం అనే నమ్మకం ఆ భయంలోంచే బలపడిందని నాకనిపిస్తుంది.

గోడ లోపలి సంగతి వేరే. 1997లో రాష్ట్రం ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఆటపట్టించి అవమానించినా ఆర్నెల్ల వరకు జైలు. అయినా 2015 జులైలో గుంటూరు పక్కన నాగార్జున విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని ఆత్మహత్య చేసుకుంది. చట్టం జరిగాక శిక్షిస్తుంది. జరగకముందు ఆ అమ్మాయి ఎవరితో చెప్పుకోవాలో అందులో ఉండదు.

బడుల్లో బెత్తాన్ని నిషేధిస్తూ 2002లో జీవో వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌తో దేశమంతా నిషేధం. అరవైమంది ఉన్న తరగతిని బెత్తం లేకుండా ఎలా నడపాలో మాత్రం టీచర్లకి సరిగ్గా నేర్పినవాళ్లు లేరు. వాళ్ల టెన్షన్ వాళ్లది.

పిల్లలు ఒకరినొకరు వేధించుకోవడం మీద పరిశోధన ఇంకో దారిలో నడిచింది. 1983లో నార్వేలోని బెర్గెన్‌లో డాన్ ఓల్వియస్ అనే సైకాలజిస్టు 42 బడుల్లో సుమారు 2,500 మంది పిల్లల్ని రెండున్నరేళ్లు గమనించాడు. శిక్షలు పెంచకుండా, విరామంలో పెద్దల నిఘా, తరగతిలో అందరూ ఒప్పుకున్న నియమాలు, తల్లిదండ్రులతో మాటలు. వేధింపులు దాదాపు సగానికి తగ్గాయి. వేరే దేశాల్లో అంత ఫలితం రాలేదు. నేరస్థుల్ని చూపించి పిల్లల్ని భయపెట్టే అమెరికా పద్ధతైతే ఎదురుతన్నింది.

మనకి పనికొచ్చే రుజువు బీహార్‌లో ఉంది. నలందా జిల్లాలో 2015-16లో 74 ప్రభుత్వ హైస్కూళ్లలో ‘సెహెర్’ ప్రయోగం చేశారు. గోడపత్రిక, ఫిర్యాదులకి ఒక పెట్టె, విడిగా కూర్చోబెట్టి మాట్లాడటం. కొన్ని బడుల్లో ఈ పని అక్కడి టీచరుకే అప్పగించారు, కొన్నింట్లో శిక్షణ ఇచ్చిన బయటి మనిషిని పెట్టారు. అతను సైకాలజిస్టు కూడా కాదు. బయటి మనిషి ఉన్నచోట వేధింపులు, కొట్లాటలు తగ్గాయి, రెండో ఏడు తేడా ఇంకా పెరిగింది. టీచరు చేసినచోట చెప్పుకోదగ్గ మార్పే లేదు.

2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో హింస నివారణ కూడా ఒక పాఠం. దాన్ని ఎవరు చెప్పాలి? బడికి ఇద్దరు టీచర్లు. విజయవాడ సత్యనారాయణపురంలోనైనా గుంటూరు బ్రాడీపేటలోనైనా పిల్లాడు గోడు చెప్పుకోవాల్సింది మార్కులేసి, ఇంటికి కబురు పంపే ఆ టీచరుకే.