పనిముట్టును కానుకగా ఇవ్వబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంటికి కావలసిన బల్లలు, అరలు సొంతంగా చేసుకునే మీ మామయ్యకు పుట్టినరోజు కానుకగా ఏదైనా పనిముట్టు కొనాలనుకుంటున్నామని మీరు రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. కొనే ముందు ఆయన పనిచేసే చోటికి ఒకసారి వెళ్లి, చేతిలో ఉన్న పని ఏ వస్తువు లేక ఆగిందో గమనించండి. రకరకాల పనిముట్లు కుక్కి నింపిన పెద్ద పెట్టె చూడటానికి ఘనంగా ఉంటుంది గాని, అందులో చాలా వాటి అవసరమే రాదు. అదే డబ్బుతో మంచి వస్తువు ఒక్కటి కొనడం మేలు.

ఆయన దగ్గర ఉలులు ఉండి సానరాయి లేకపోతే, మరో ఆలోచన లేకుండా సానరాయే కొనండి. కొత్త ఉలి కూడా కొన్న రోజునే పనికి సిద్ధంగా ఉండదు. కర్మాగారంలో దాని వాలును, అంటే అంచు వైపు ఏటవాలుగా ఉండే ముఖాన్ని, సాధారణంగా 25 డిగ్రీలకు అరగదీసి పంపుతారు. ఆఖరి పదును పెట్టుకోవలసింది పనిచేసేవారే. వాలు తలమూ వెనుక తలమూ కలిసే గీతే అంచు కనుక, వెనుక వైపును కూడా రాయి మీద చదునుగా రుద్దితే తప్ప అసలైన పదును రాదు. మొద్దుబారిన ఉలిని బలంగా నెట్టవలసి వస్తుంది, అలా నెట్టినప్పుడు జారితే చేతికి పెద్ద గాయమే అవుతుంది.

మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చూసే మూలమట్టం కూడా మంచి కానుకే, కానీ పరీక్షించి కొనండి. తిన్నని అంచున్న చెక్కకు దాన్ని ఆనించి సన్నని గీత గీసి, తిరగేసి, అదే చోట మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకటైతే మట్టం సరిగ్గా ఉన్నట్టు. విడిపోతే ఆ ఎడం అసలు లోపానికి రెట్టింపు ఉంటుంది. కొలత టేపు చివరి కొక్కెం కొద్దిగా కదులుతుంటే మాత్రం పాడైందని తిరిగి ఇచ్చేయకండి. చెక్క అంచుకు తగిలించి లాగినా, గోడకు ఆనించి నెట్టినా కొలత సరిగ్గా రావడానికి, కొక్కెం తన మందమంత మేర జరిగేలా కావాలనే అమరుస్తారు.

బ్యాటరీతో నడిచే డ్రిల్లు మిషన్ కొనేటట్టయితే, ఆయన దగ్గర ఇప్పటికే ఏ కంపెనీ బ్యాటరీలు, ఎన్ని వోల్టులవి ఉన్నాయో ముందు తెలుసుకోండి. ఒక కంపెనీ బ్యాటరీ మరొక కంపెనీ మిషన్‌కు సాధారణంగా పట్టదు. జిగురు పెట్టిన చెక్కలను ఆరేదాకా పట్టి ఉంచే క్లాంపులకైతే ఈ చిక్కు లేదు, పైగా అవి ఎన్ని ఉన్నా ఇంకా కావలసే ఉంటాయి.

ఏది కొన్నా దానితోపాటు కళ్లకు రక్షణగా పెట్టుకునే అద్దాలు, దుమ్ము లోపలికి పోనివ్వని మంచి మాస్కు చేర్చండి. ఇది అదనపు హంగు కాదు: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కర్ర పొట్టు ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది.

చివరకు ఉలే కొంటే, అంచుకు తొడుగు వేసి ఉందో లేదో చూసుకున్నాకే కాగితం చుట్టండి; రశీదు కూడా దాచి ఉంచండి, కొలత నప్పకపోతే మార్చుకోవచ్చు.

ఇట్లు,
మీ తాతయ్య