పొగే ప్లాన్ గీసిన ఇల్లు

ఇంగ్లండ్ దక్షిణ తీరానికి దగ్గర్లో, ససెక్స్ ప్రాంతంలో ఆల్‌ఫ్రిస్టన్ అనే చిన్న ఊరుంది. అక్కడి చర్చి పక్కనే 14వ శతాబ్దపు గడ్డికప్పు ఇల్లు ఒకటి ఉంది. పేరు క్లర్జీ హౌస్. పాడుబడిపోయిన ఆ ఇంటిని 1896లో, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 10 పౌండ్లకు కొంది. అప్పటి లెక్కల్లో కూడా అది నామమాత్రపు ధరే. ఆ సంస్థ కొన్న మొదటి కట్టడం ఇదే.

ఈ రకం ఇళ్లు ఇలా ఎందుకున్నాయో తెలియాలంటే పొగ సంగతి తెలియాలి. మధ్యలో పెద్ద హాలు, నేల నుంచి కప్పు దాకా ఖాళీ. మంట ఆ హాలు నేల మీదే మండేది. పొగగొట్టం లేదు. పొగ పైకి లేచి, కప్పు కింద సుడి తిరిగి, గడ్డి సందుల్లోంచి, కిటికీల్లోంచి మెల్లగా బయటపడేది. కిటికీలకు అద్దాలుండేవి కావు, చెక్క కమ్మీలూ తలుపులే. హాలు మీద ఇంకో అంతస్తు వేస్తే అక్కడ ఊపిరాడదు కాబట్టి మేడగదులు రెండు కొసలకే పరిమితమయ్యాయి. కళ్లమంట సంగతి ఆ కాలపువాళ్లే చెప్పాలి!

16వ శతాబ్దంలో పొగగొట్టాలు వ్యాపించాక చాలామంది హాలుకు అడ్డంగా అంతస్తు వేసుకున్నారు. అయినా అటకెక్కి టార్చి వేస్తే గుట్టు బయటపడుతుంది. వాసాలకు నల్లగా మసి పట్టి ఉంటే, ఒకప్పుడు కింద మంట ఉండేదన్నమాట. ఇంగ్లండ్‌లోనే డెవన్ ప్రాంతం వైపు కొన్ని ఇళ్లలో మసి పట్టిన పాత గడ్డి పొరలు కూడా అలాగే నిలిచాయి. అందులోని గోధుమ, రై కంకులను బట్టి అప్పటి పంటలెలా ఉండేవో శాస్త్రవేత్తలు తెలుసుకుంటున్నారు.

గోడల్లో బరువు మోసేది ఓక్ చెట్టు కలపతో చేసిన చట్రం. మధ్య ఖాళీల్లో తడికలు అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తారు. మన పాత తడిక గోడల పద్ధతే. వడ్రంగులు ఓక్‌ను పచ్చిగా ఉండగానే చెక్కేవారు, ఎండితే ఉలి దిగదు మరి. అతుకులో రెండు ముక్కలకూ పెట్టే బెజ్జాలను కావాలనే కాస్త ఎడంగా తొలిచేవారు. కొయ్య చీల దిగ్గొడితే అతుకు దగ్గరికి లాగుకుని బిగిసేది. నరికిన కొద్దికాలానికే వాడడం మనకు మరోలా కలిసొచ్చింది. చెట్టు కాండంలో ఏటా ఒకటి చొప్పున ఏర్పడే వలయాలు బెరడు దాకా మిగిలిన దూలం దొరికితే, చెట్టును నరికిన ఏడాదిని బట్టి ఇల్లు ఎప్పుడు కట్టారో దాదాపు కచ్చితంగా చెప్పొచ్చు.

ఇలాంటి ఇళ్లకు ఇప్పుడు చట్టం రక్షణ ఉంది, అనుమతి లేకుండా రూపురేఖలు మార్చకూడదు. అయితే, మంచి చేద్దామనుకుని వేసిన సిమెంటు కూడా వీటికి చేటే. తేమ బయటికి పోలేక లోపలే చిక్కుకుని ఓక్ కుళ్లుతుంది. అందుకే రిపేర్లకు ఇప్పటికీ సున్నమూ మట్టే వాడతారు.