చీమ జిగురులో చచ్చిందా, జిగురుతో చచ్చిందా?

దేవరకొండ నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న పంపింది. ఫెవికాల్ డబ్బాకు మూత పెట్టడం మరిచిపోతే తెల్లారేసరికి అందులో చీమలు చచ్చి ఉన్నాయట. "సార్, జిగురు పురుగులకు విషమా? సైన్స్ ఫెయిర్‌కు ఇదే చేద్దామనుకుంటున్న" అంది. తప్పకుండా చెయ్యాలి. కానీ చీమలను జిగురులో వేసి ఎన్ని చచ్చాయో లెక్కపెడితే మాత్రం ఏమీ తేలదు, బెల్లం పాకంలో వేసినా చస్తాయి కదా.

శవం పక్కన ఏది కనబడితే దాన్నే హంతకుడనుకోవడం మనకు బాగా అలవాటు. ఇంటి బల్లికి విషమే లేదు, అయినా సాంబారులో బల్లి పడిందంటే ఊరంతా టెన్షన్ (దాని పేగుల్లోని బ్యాక్టీరియాతో కడుపు చెడొచ్చు, అది వేరే సంగతి). చీమలకు గీసే చాక్‌పీసులో మాత్రం పైరెత్రాయిడ్ అనే అసలైన పురుగుమందు ఉంటుంది, దాన్ని బడి చాక్‌పీసులాగే పిల్లల చేతికి అందేట్టు పెడతాం.

పురుగు ఊపిరి ఎలా తీస్తుందో తెలిస్తే ఈ చిక్కు సగం విడిపోతుంది. ఇంటర్ జువాలజీలో బొద్దింకకు శ్వాసరంధ్రాలు 10 జతలు, ఛాతీలో 2, పొట్టలో 8 అని బట్టీ పట్టిస్తాం, మార్కులు వేసి వదిలేస్తాం. వాటిని మూసేస్తే ఏమవుతుందని అడిగే పిల్లవాడు ఉంటే వాడే నా లెక్కలో ఫస్టు. పురుగుకు ఊపిరితిత్తులు లేవు, ఆక్సిజన్ మోయడానికి రక్తంతో దాదాపు పనే లేదు, ఒంటి పక్కల వరుసగా ఉన్న రంధ్రాల్లోంచి గాలి సన్నని గొట్టాల వెంట నేరుగా కణం దాకా పోతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్లకు ఇది చెప్పడం తేలిక. శ్వాసరంధ్రం అంటే తూము, దానికి షట్టరు కూడా ఉంటుంది. లోపల మేజరు కాలువ, దాన్నుంచి మైనర్లు, పిల్లకాలువలు, ఆఖరుకు మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే సన్నని గొట్టాలు, కాలి కండరమనే చివరి ఆయకట్టు దాకా. చిన్న పురుగుకైతే మోటరు కూడా అక్కర్లేదు, ఎందుకంటే ఆక్సిజన్ నీటిలో కంటే గాలిలో సుమారు 10 వేల రెట్లు వేగంగా వ్యాపిస్తుంది, గొట్టంలో గాలి ఉన్నంతసేపు దానంతటదే పారుతుంది. మేజర్లు లోపల ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి కాబట్టి ఒక తూము పూడితే పక్క తూము ఆదుకుంటుంది, అన్నీ పూడితే పొలం పోతుంది. షట్టరు ఎప్పుడూ తెరిచి ఉంచితే ఒంట్లో తేమ ఆవిరైపోతుంది, అందుకే మూసి ఉంచి, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు తెరుస్తుంది.

అంటే తూము పూడటం ఒక చావు, కాలువలో మందు కలవడం ఇంకో చావు. పైనుంచి చూస్తే రెండూ ఒకటే.

మొదటిదానికి మన దగ్గర మంచి ఉదాహరణ ఆముదం. పాలమూరు ఇళ్లలో కందులకు, పెసలకు ఆముదం పట్టించి దాచేది ఇందుకే, గింజమీద పెట్టిన పుచ్చుపురుగు గుడ్డుకు గాలి అందకుండా నూనె పొర కప్పేస్తుంది. ఆముదపు గింజలో రైసిన్ అనే భయంకరమైన విషం ఉన్నమాట నిజమే కానీ అది నూనెలోకి రాదు, నూనె తీశాక మిగిలే చెక్కలోనే ఉండిపోతుంది. పత్తి చేలల్లో తెల్లదోమకు కట్టే పసుపు జిగురు అట్టలూ అంతే, పట్టుకుని వదలకపోవడమే వాటి పని.

ఇక ఇంట్లో జిగుర్లు. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు అంటే నీళ్లలో తేలే పాలీవినైల్ అసిటేట్ రేణువులు, నీరు ఆరగానే అవి ఒకదానికొకటి అతుక్కుని పొరవుతాయి. అణువులు మరీ పెద్దవి, పురుగు చర్మంలోంచి లోపలికి దూరలేవు, ఆవిరి కావు. డబ్బాలో చీమలు తూములు పూడి చచ్చాయనే నా అనుమానం. ఫెవిక్విక్ రకం సయనోఅక్రిలేట్, తేమ తగలగానే గట్టిపడుతుంది. దాని ఆవిరి కూడా తేమ ఉన్నచోట గడ్డకడుతుంది, పోలీసులు వేలిముద్రలు బయటికి తేవడానికి ఈ గుణాన్నే వాడతారు. (దీన్ని పత్తిమీద మాత్రం వేయొద్దు, నూలు పోగులకు తగిలితే ఒక్కసారిగా వేడెక్కి పొగ వస్తుంది, చర్మం కాలుతుంది.) సైకిల్ పంక్చర్ల సొల్యూషన్, చెప్పులు అతికించే జిగురు వేరే జాతి, వాటిలో టోలుయిన్, నాఫ్తా లాంటి ద్రావకాలు ఉంటాయి, ఆవిరి తూముల్లోంచి పోయి నరాలను మత్తులో ముంచుతుంది. కొన్ని జిగుర్లలో ఉండే ఇథైల్ అసిటేట్‌నే కీటకాలు సేకరించేవాళ్లు వాటిని చంపే సీసాల్లో వాడతారు. బైండింగ్ వాళ్ల మైదా జిగురుకు ఆవిరి గొడవ లేదు, కానీ బొద్దింకలు తినకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది కడుపులోకి పోతేనే పనిచేసే విషం.

కాబట్టి ఒక్క సీసాతో పని కాదు. పాత పెసల్లోంచి పుచ్చుపురుగులు పట్టుకో, రెక్కలొచ్చిన ఎదిగిన పురుగులకు తిండి, నీళ్లు అక్కర్లేదు, పని సులువు. ఒక సీసాలో జిగురు రాసిన కాగితాన్ని మూత కింద పెట్టి మధ్యలో పలుచని బట్ట కట్టు, ఆవిరి తగలాలి, జిగురు అంటకూడదు. ఇంకోదాంట్లో బాగా ఆరిన జిగురు పొరమీద నడవనివ్వు. మూడోదాంట్లో సూదిమొనతో ఒంటి పక్కల తడి జిగురు రాయి, దానికి జోడుగా ఇంకొన్నిటికి అదే చోట ఆముదం రాయి. ఆముదంతోనూ అన్నే చస్తే జిగురుమీద నేరం రుజువు కానట్టే. ఏ జిగురూ లేని సీసా ఒకటి తప్పనిసరి, అన్నీ ఒకే నీడలో ఉండాలి, మే నెల నల్లగొండ ఎండలో మూసిన సీసా ఏ విషం లేకుండానే చంపుతుంది. చిన్న సీసాలో పురుగులను కుక్కొద్దు, కార్బన్ డయాక్సైడ్ పెరిగి షట్టర్లన్నీ తెరుచుకుంటే ఆవిరి మామూలు కంటే ఎక్కువగా లోపలికి పోతుంది. సొల్యూషన్ సీసాను టీచర్ ఉన్నప్పుడు ఆరుబయటే తెరవాలి.

జిగురు లేకున్నా చచ్చేవాటిని తీసేసే లెక్కకు 1925లో ఆబట్ అనే కీటక శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం చాలు. జిగురు లేని సీసాలో 40కి 4 చచ్చాయి, 10 శాతం. జిగురు సీసాలో 40కి 22, అంటే 55 శాతం. 55లోంచి 10 తీసి, 100లో 10 పోగా మిగిలిన 90తో భాగిస్తే సరిగ్గా సగం, జిగురు ఖాతాలో పడేది 50 శాతమే. జిగురు లేని సీసాలోనే 20 శాతం దాటి చస్తే ఆ బ్యాచ్ పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. గంట తర్వాత పడి ఉన్నవాటినీ 24 గంటలకు కదలనివాటినీ వేర్వేరు గడుల్లో రాయి, ద్రావకం మత్తులో పడిన పురుగు గాలి తగిలితే లేచి నడుస్తుంది.