వెనక్కున్న రెండు నాబ్‌లు

చిరంజీవి అమ్ములుకి, చంటిగాడికి తాతయ్య ఆశీస్సులు.

అమ్ములూ, మొన్న వీడియో కాల్‌లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. మీ గిటార్ మాస్టారింట్లో రెండు వాక్స్ ఏసీ30 యాంప్‌లు, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలు, ఉన్నాయనీ, కొత్తదానికి సన్న, లావు శబ్దాల్ని సవరించే ట్రెబుల్, బాస్ నాబ్‌లు పైనే ఉంటే పాతదానికి వెనక్కున్నాయనీ అన్నావు. "పేరు ఒకటే కదా తాతయ్యా, వెనక్కి ఎవరు పెట్టారు? వాయించేవాళ్లకి అందవు కదా!" అని నవ్వావు.

మన రేపల్లె ఇల్లు గుర్తుందా? మా నాన్న కట్టించినప్పుడు అందులో స్నానాల గది లేదు. నూతి పక్కన తడికలే. మా అక్క పెళ్లి కుదిరాక, కొత్త అల్లుడు తడికల చాటున నీళ్లు పోసుకుంటే ఏం బాగుంటుందని పెరట్లో వెనక గోడకి ఆనించి ఓ గది లేపారు. వానొస్తే గొడుగేసుకుని వెళ్లాలి. ఎన్నో ఏళ్లకి, మీ నానమ్మ పోరు పడలేక నేను దాన్ని ఇంట్లోకి తెచ్చాను. మరి ఇల్లు మారిందా? మారలేదు. అలాగని అదే ఇల్లా అంటే, అదీ కాదు.

ఏసీ30 కూడా అలా పెరిగిన ఇల్లే. ఇంగ్లండ్‌లో మీకు దగ్గర్లోని డార్ట్‌ఫోర్డ్‌లో, వాక్స్ యాంప్‌లు చేసే జెన్నింగ్స్ కంపెనీకి డిక్ డెన్నీ అనే ఆయన ముందు ఏసీ15 అనే యాంప్ చేశాడు. 15 వాట్లు. షాడోస్ అనే గిటార్ బృందం వాయిస్తుంటే కుర్రకారు అరుపుల్లో గిటార్ వినపడేది కాదట. అందుకని 1959లో ఇల్లు రెట్టింపు చేశారు. శబ్దాన్ని పెంచే గాజు గొట్టాల్ని వాల్వులంటారు, రెండు ఈఎల్84 రకం వాల్వుల చోట నాలుగు, 15 వాట్ల చోట 30. గిటార్ వైరు పెట్టే గుమ్మాలు మాత్రం నాలుగే.

ఆ ఇంట్లో ఈఎఫ్86 అని ఒక వాల్వు ఉండేది. అచ్చం మా పెద్దత్తయ్యే! వంటింట్లో గుసగుసలాడితే అరుగు మీదున్న ఆవిడకి వినపడేది. ఆ వాల్వూ అంతే, చిన్న శబ్దాన్ని బ్రహ్మాండం చేస్తుంది. కానీ స్పీకర్లూ అదే పెట్టెలో ఉన్నాయి కదా, అవి దడదడలాడితే దీనికీ వణుకు పుట్టి, ఆ వణుకునే శబ్దంగా పైకి పంపేది. లేదా పాడైపోయేది. దాంతో దాన్ని సాగనంపి, కాస్త నిదానస్తురాలైన ఈసీసీ83ని తెచ్చి, గుమ్మాలు ఆరు చేశారు.

ఇల్లు నెమ్మదించింది గానీ, ధ్వనిలో మెరుపు చాలట్లేదని కొందరు సణిగారు. అలా 1961 ప్రాంతంలో వచ్చిందే టాప్ బూస్ట్. ఇంకో ఈసీసీ83, దాంతో ట్రెబుల్, బాస్ నాబ్‌లు. పైన జాగా లేదు. వెనక చెక్క కోసి అక్కడ బిగించారు, అదే మన పెరటి గది! అప్పటికే యాంప్ కొన్నవాళ్లు కూడా తెచ్చి పెట్టించుకున్నారు. 1964 నాటికి ఆ నాబ్‌లు ఇంట్లోకి, అంటే పై రేకు మీదికి వచ్చేశాయి. ఆ రేకు రంగు కూడా రాగి నుంచి ఎరుపుకీ, తర్వాత బూడిదకీ మారింది. అది పండక్కి వెల్ల వేయడం లాంటిది, ధ్వనికి సంబంధం లేదు. రంగు కోసం డబ్బు పోసేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇంకో సంగతి. బ్రయాన్ మే అనే పెద్ద గిటారిస్టు ఏసీ30లు వరసగా పేర్చి వాయిస్తాడు కానీ, ఆ టాప్ బూస్ట్ జోలికే పోడు. మామూలు గుమ్మంలోంచే వెళతాడు.

స్పీకర్ల దగ్గరికొచ్చేసరికి నా ఇంటి పోలిక పెంకులూడిపోతోంది, వదిలేస్తున్నాను. ఇక వాక్స్ పేరు 1992లో కోర్గ్ అనే జపాన్ కంపెనీ చేతికెళ్లింది. మీ మాస్టారి కొత్తదాంట్లో ప్రింటెడ్ బోర్డు, అంటే వైర్ల బదులు గీతలు ముద్రించిన పలక, ఉండొచ్చు. పాతదాంట్లో మాత్రం ఒక్కో ముక్కనీ ఎవరో చేత్తో వైరుకి వైరు కలిపి టంకం పెట్టి ఉంటారు.

వాల్వులంటే నాకు మా ఊరి రేడియో కొట్టే. స్కూలు నుంచి వస్తూ అక్కడ ఆగిపోయేవాణ్ణి. స్విచ్ వేసిన అర నిమిషానికి గాజు లోపల దీపం ఒత్తిలా ఎర్రబడేది. కొట్టు మామయ్య పెన్సిల్ తిరగేసి, రబ్బరు వైపుతో ఒక్కో వాల్వునీ తట్టేవాడు. మంచివి పలకవు. జబ్బు చేసింది మాత్రం స్పీకర్లో "టంగ్" మనేది. ఓసారి నేను వేలు పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటి వేశాడు. "స్విచ్ ఆపినా కరెంటు లోపల దాక్కునే ఉంటుందిరా!" అని. ఆ దెబ్బ వల్లే ఇవాళ ఈ ఉత్తరం రాస్తున్నాను. చంటీ, ఇది నీకే చెబుతున్నాను, చేతులు వెనక్కి కట్టుకుని చూడు.

ఈసారి క్లాసుకి వెళ్లినప్పుడు మాస్టారిని పాతదాని వెనక చెక్క విప్పమని, గదిలో లైటు ఆర్పమని అడగండి. ఎన్ని వాల్వులు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. తర్వాత ఆయన్నే పెన్సిల్‌తో ఒక్కొక్కటీ తట్టమనండి. ఏదన్నా పలికితే నాకు ఫోన్ చేసి ఆ టంగ్ వినిపించండి.

మీ తాతయ్య