కూడితే 122: కాలిన గాయాల స్కోరును ఎంతవరకు నమ్మాలి?

ఒళ్లు సగం దాకా కాలిన వృద్ధులకు పూర్తి వైద్యం చేయాలా, నొప్పి తెలియకుండా చూస్తే చాలా? ఈ వాదన మళ్లీ మొదలైంది. ఎప్పటిలాగే దీని నడుమ ఉన్నది ఒక చిన్న కూడిక: వయసుకు కాలిన శాతం కలపడం. 1961లో ఫ్రాన్స్‌లో సెర్జ్ బో ప్రతిపాదించిన ఈ స్కోరు 100కు చేరితే ఆశ వదులుకోవాల్సిందేనన్నది ఒకనాటి అవగాహన. అప్పటి వైద్యానికి ఆ లెక్క సరిపోయింది. తర్వాత వైద్యమే మారిపోయింది.

ఆ రోజుల్లో మాడిన చర్మాన్ని కదిలించేవారు కాదు. తనంతట అది ఊడేదాకా వారాల తరబడి డ్రెస్సింగులు మార్చేవారు. ఈలోగా చచ్చిన కణజాలంలో సూక్ష్మక్రిములు పెరిగి రక్తంలోకి చేరేవి. మంట నుంచి బయటపడ్డవాళ్లు కూడా ఒళ్లంతా పాకే ఆ ఇన్ఫెక్షన్‌తో, అంటే సెప్సిస్‌తో పోయేవారు. నాటి యుగోస్లావియాలోని మారిబోర్‌లో జోరా యాంజెకోవిచ్ ఈ ఎదురుచూపు మానేశారు. మొదటి కొద్ది రోజుల్లోనే లోతైన గాయాన్ని పలుచని పొరలుగా కోస్తూ వెళ్లి, సన్నటి రక్తపు చుక్కలు కనిపించగానే ఆపి, వెంటనే రోగి సొంత చర్మం అతికేవారు. 1970లో ఆమె వ్యాసం వచ్చాక ఈ పద్ధతి క్రమంగా మిగతా చోట్లకు పాకింది. రక్తస్రావం ఎక్కువ కాబట్టి రక్తనిధి, మత్తు వైద్యుడు, ఐసీయూ లేనిచోట ఇది సాగదు. స్కోరులో వీటికి గడి లేదు.

అదే బో స్కోరుతో ఇంగ్లండ్‌లో చెమ్స్‌ఫర్డ్‌లోని కాలిన గాయాల విభాగం 27 ఏళ్ల రికార్డులు తిరగేసి 2012లో ఫలితాలు ప్రచురించింది. సగం మంది చనిపోయే స్థాయి సుమారు 110కి, ఆశ లేదనుకునే గీత 160కి జరిగాయి.

2010లో అమెరికా పరిశోధకులు స్కోరును సవరించి, పొగ పీల్చినవారికి 17 కలపమన్నారు. 60 ఏళ్లు, 45 శాతం, పొగ: మొత్తం 122. ఇందులో వయసొక్కటే అందరూ ఒప్పుకునే అంకె. ఎర్రబడిన చర్మాన్ని కాలినదానిలో చేర్చకూడదు. మసి కడగకముందు వేసిన అంచనాలో అది తరచూ చేరిపోతుంది. శాతం పది ఎక్కువ రాస్తే రోగి వయసు పదేళ్లు పెంచినట్టే. ఒంటిని తొమ్మిదేసి శాతం భాగాలుగా విడదీసి, తలను ఒక తొమ్మిదిగా లెక్కించే పెద్దల 'తొమ్మిదుల లెక్క'ను పసిపిల్లలకు వాడితే తల భాగం సగానికి సగం తగ్గిపోతుంది. కనుబొమలు కాలినంత మాత్రాన శ్వాసనాళం దెబ్బతిన్నట్టు కాదు, శ్వాసనాళంలోకి సన్నని కెమెరా గొట్టం పంపే బ్రాంకోస్కోపీతో చూడాలి. చూశాక కూడా స్వల్పమైనా తీవ్రమైనా అదే 17.

స్కోరును సమర్థించేవారి మాటలోనూ బలముంది. ఒకేసారి పదుల మంది వచ్చినప్పుడు వరస నిర్ణయించడానికి ఏదో ఒక కొలత కావాలి. 1998 బోస్టన్ అధ్యయనం 60 దాటిన వయసు, 40 శాతానికి మించిన గాయం, పొగ అనే మూడింటినే తీసుకుంది. ఏదీ లేనివారిలో మరణాలు 0.3 శాతం, మూడూ ఉన్నవారిలో దాదాపు 90.

అయితే ఆ మిగతా పది శాతంలో ఎవరుంటారో ఏ స్కోరూ చెప్పలేదు. పైగా 'స్కోరు ఎక్కువ' అని వైద్యం ఆపితే రోగి చనిపోతాడు, ఆ మరణం రికార్డుకెక్కి అదే స్కోరు సరైనదనడానికి సాక్ష్యమవుతుంది. వైద్యం ఆపాక జరిగిన మరణాలను విడిగా నమోదు చేయని చోట, అంకె రోగి గురించి చెబుతోందో వైద్యుల నిర్ణయం గురించి చెబుతోందో తేల్చడం కుదరదు.